నాలుగు వేళ్ల సినిమా

గ్యాంగ్‌సా మొదలెట్టాక
రాయి తెగటానికి రెండు రాత్రులు పడుతుంది.
చీమకుర్తిలో అంతసేపు మేలుకునేవాడికి
ఒక ఫోను, దానికొక పగిలిన గాజు.
రంపం హోరులో మాటలు వినపడవు కాబట్టి
నాకు అన్ని దేశాలదీ ఒకే భాష.
కింద పాకే అక్షరాల్ని సగం అందుకుంటా,
మిగతా సగం మొహాల్లో చదువుకుంటా.

సినిమా అయిపోయి తలెత్తితే
రంపం నాలుగు వేళ్లు దిగి ఉంటుంది.
అదీ నా లెక్క.
మూడు వేళ్ల సినిమాలున్నాయి, ఆరు వేళ్లవీ ఉన్నాయి.

పొద్దున టీ బంకు దగ్గర కాలేషా అడుగుతాడు:
"రాత్రి ఏ దేశం పోయొచ్చావన్నా?
ఐదుకి ఎన్ని చుక్కలిస్తావు?"

ఇరాన్ పోయొచ్చా, నాలుగిస్తా.
గాడిద మీద ఫ్రిజ్జు కట్టుకుని
ఒకాయన కొండెక్కతా ఉంటాడు.
పైన ఊళ్లో కరెంటు లేదని మనకి తెలుసు, ఆయనకీ తెలుసు.
అయినా ఎక్కుతాడు.
ఎందుకని ఎవరూ అడగరు, అదే నచ్చింది.
మన దగ్గరైతే ఈపాటికి పదిమంది అడిగుండేవాళ్లు,
పదకొండోవాడు గాడిద రేటు అడిగేవాడు.

ఫ్రాన్సుది నా వల్ల కాలేదు.
ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని
విడిపోదామా వద్దా అని ఐదు వేళ్ల సేపు మాట్లాడారు.
ఒక్కరన్నా లేచి చెయ్యి కడుక్కోలేదు.
మా చెల్లెలు అంకమ్మ
మొగుణ్ణి వదిలేసి వచ్చిన రోజు
"వచ్చేశా" అంది,
బియ్యం కడిగి ఎసట్లో పోసింది.
సినిమా అయిపోయింది.

కొరియాలో చంపేవాడూ చచ్చేవాడూ
ఒకే గిన్నెలోంచి పొగలు కక్కే సేమ్యాలు జుర్రుకుంటారు.
అర్ధరాత్రి నాకు ఆకలేసి
కారియరు విప్పి దోసకాయ పప్పు కలుపుకున్నా.
కత్తి ఎవరికి దిగిందో చూళ్లేదు.

జపాన్‌ది మంచిదే అనుకుంటా.
వాన, ఒక ముసలామె, ఆరని గొడుగు,
అక్కడే నిద్రపోయా.
అంత నిద్ర పట్టించింది చెడ్డదెట్లా అవుతుంది?

మనదీ చూశాలే, ఒంగోల్లో, పిల్లల పోరు పడలేక.
హీరో ఒంటిచేత్తో బండ విసిరాడు.
ఆ సైజు బ్లాకు పాతిక టన్నులు, లెక్కలు రాసేది నేను.
అబద్ధమని ఆ హాలు మొత్తంలో
నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.
మొదటి ఈల నాదే.

మొన్నటి పోలండుది మాత్రం కాలేషాకి చెప్పలేదు.

మంచు. శ్మశానం. ఒకామె
చేతి తొడుగు తీసి, దాంతోనే
సమాధి రాయి తుడిచింది.
మంచు జారింది. కింద నలుపు.
నలుపులో బంగారు నలుసులు.

ఆపా. వెనక్కి తిప్పా. వేళ్లతో లాగి పెద్దది చేశా.
పగిలిన గాజు గీత అడ్డమొస్తే పక్కకి జరిపా.
మనదే.
ఏ క్వారీదో చెప్పలేను గానీ, మనదే.
పద్దెనిమిదేళ్లుగా గోళ్ల సందుల్లో ఉన్నది
నాకు తెలియదా.

దాని మీద చెక్కిన పేరు చదవటం చేతగాలేదు.
ఆమె ఏడవలేదు, కెమెరా కదల్లేదు.
నాకే ఎందుకో మౌలాలి గుర్తొచ్చాడు,
కాలేషా వాళ్లన్న.
ఆ వానాకాలం బెంచీ విరిగిపడ్డాక
మట్టి కుప్ప చేసి, తలవైపు
రోడ్డు పక్క దొరికిన రాయొకటి పెట్టాం.
తెల్లది.
మళ్లీ ఎవరమూ మార్చలేదు.

రంపం ఎన్ని వేళ్లు దిగిందో ఆ రాత్రి చూసుకోలేదు.

"మొన్నటిదానికి ఎన్ని చుక్కలన్నా?"
టీ ఊదుకుంటా అడిగాడు.

"చూళ్లేదురా. కరెంటు పోయింది."

వాడిల్లు మా యార్డు గోడకవతలే, ఆ సంగతే మరిచా.
"రంపం ఆగినట్టు లేదే" అన్నాడు.