నల్లజీడి గుర్తులు

చందా పుస్తకం లేదు మాకు.
పుస్తకముంటే పేర్లుంటాయి,
పేర్లుంటే కాకినాడ నుంచి పోలీసు మోటారొస్తుంది.

నాకు అక్షరం రాదు, గుర్తు వచ్చు.
నల్లజీడి గింజని సూదితో పొడిచి
అంచు లోపలివైపు ఒక్క చుక్క పెట్టి సున్నం అద్దితే
గుడ్డ చిరుగుతుంది గానీ చుక్క పోదు.
ఏ బట్ట ఏ గడపదో
మా అత్త నేర్పిన చదువు అది.

సూరన్న మాస్టరు నెలకో పత్రిక వేసేవాడు
యానాంలో, పరాసు జెండా నీడన,
ఏటికవతల ఇంగిలీసు దొర పోవాలని.
"ఓ దొర పంచన కూకుని ఇంకో దొరని తిడతన్నారేటండీ" అన్నాను.
నవ్వి, వేళ్ల సిరా పంచెకి తుడుచుకున్నాడు.
మరక నేను వదలగొట్టాను.
జవాబు బాకీ పెట్టాడు.

లంకలోంచి ఒక కామందు
వంద రూపాయలు పంపాడు, వెండి పళ్లెంలో తమలపాకుల మీద.
మాస్టరు ఆకులు మాత్రం ఉంచుకున్నాడు.
"వందిచ్చినోడు ఏం రాయాలో చెబుతాడు పేరంటాలూ,
కాణీ ఇచ్చినోడు ఎప్పుడొస్తదని అడుగుతాడు."
ఆ నెల సిరా చాల్లేదు.
వెనక పేజీ తెల్లగా వచ్చింది,
దానిమీద పిల్లలు ఎక్కాలు రాసుకున్నారు.

దుప్పటి మీద నా ఖాతా ఇదీ:
మూడు చుక్కలంటే పడవ సరంగు ఓలేటి పోలయ్య,
నెలకో అణా, తుఫాను నెల తప్ప.
నెలవంక మస్తాన్ బీది. గాజుల మలారం దించి
కొంగు ముడి విప్పేది, లెక్కపెట్టుకోనిచ్చేది కాదు.
కొక్కెం, పాలేరు ఏసురత్నం.
అతని దగ్గర కాణీ లేదు,
రెండు రాత్రులు మిషను తిప్పి తెల్లారి పనికి పోయాడు.
అదీ చందాయే అన్నాను నేను.
మాస్టరు కాదనలేదు.

మడతపెట్టిన చీరల నడుమ పత్రికలు,
మూట నెత్తిన, పంటు ఎక్కి
ఎదుర్లంక రేవులో దిగేదాన్ని.
జవాను లాఠీతో మూట పొడవబోతే
"మైలబట్టలు బాబూ, పురిటివి" అనేదాన్ని.
లాఠీ వెనక్కి పోయేది.
పుట్టిన కాణ్ణుంచీ నన్ను గుమ్మం బయట నిలబెట్టిన మాట
ఆ కాస్సేపూ నా పక్కన నిలబడింది.

ఒకసారి ఇన్‌స్పెక్టరు గారి ఖాకీ నానబెడుతుంటే
జేబులో రుమాలు, రుమాలు మూల ముడి,
ముడిలో అర్ధరూపాయి.
తిరిగిచ్చేద్దామని వెళ్లాను.
ఆవిడ తలుపు వారనుంచి
"ఆ ముడి నేనే వేశాను" అంది,
లోపలికి పోయి పాలు దించుకుంది.
ఏం గుర్తు పెట్టాలో తోచక
ముడే గీశాను.

నలభై ఏడులో ఆ రాత్రి
అవతలి ఒడ్డు మీద బాణసంచా.
వెలుగు సగం ఏటి దాకా వచ్చి
అక్కడే ఆగిపోయింది.
ఇవతల పరాసు జెండా వానకి తడిసి
ఆరేయడం మర్చిపోయిన గుడ్డలా వేలాడుతోంది.
పాత ప్రశ్న నేను మళ్లీ అడగలేదు.
మాస్టరే అన్నాడు:
"నీకో జవాబు బాకీ ఉన్నాను."
దుప్పటి నిండిపోయింది బాబూ అన్నాను.
"ఇంకోటి పరువు" అన్నాడు.

మరో ఏడేళ్లు పట్టింది రెండోది నిండడానికి.
అందులో మొదటి చుక్కలు పోలయ్య కొడుకువి,
తండ్రి అణాకి బేడ కలిపాడు.

ఈ మధ్య ఎవరో వచ్చారు,
మొదటి దుప్పటి అద్దాల బీరువాలో పెడతామని.
ఇవ్వనన్నాను.
ఒక మూల చిన్న సున్నా ఉంది, దానికి అడ్డగీత,
ఎవరిదో నాకే జ్ఞాపకం లేదు.
ఉతికినప్పుడల్లా వేలితో తడిమి చూస్తాను.
ఆ మనిషి వచ్చి "ఇది నాది" అనకుండా
బట్ట ఇంకొకరి చేతిలో పెట్టడం
మా ఇంటా వంటా లేదు.