గుర్రప్పళ్ళ అంచు

దానా అంటే ముత్యమంట, వీళ్ళ మాటలో.
మా పుల్లంపేటలో దానా అంటే కోళ్ళ మేత.
ఆ సంగతి ఆ పిల్లకు చెప్పిన పాపానికి
ఒకరోజంతా కొక్కొరొకో అంటా
జహ్రా ఇల్లంతా నా వెనకే తిరిగింది.

మార్చి ఇరవై ఒకటి అమ్మల పండగ.
బడిలో కార్డు తెమ్మన్నారు,
కొన్నది కాదు, కుట్టింది.
ఓబూ, నీకు కుట్టు వచ్చు కదా!
నాకొచ్చింది నేత. కుట్టు వేరే.
అది విడమరిచి చెప్పేంత అరబ్బీ లేదు,
సరే అన్నాను.

చాక్లెట్ డబ్బా పైకాగితం
చిరగకుండా ఊడదీసినాం.
ఎరుపు, నలుపు, తెలుపు,
ఎడారోళ్ళ నేత అచ్చేసిన కాగితం.
అంచు పొడుగునా మూడుమూలల ముక్కలు.
గుర్రప్పళ్ళు, అంది దానా.
వాళ్ళ జేజి గుడారపు బట్ట నేసిన కాలం నాటి పేరంట.
ఇదే అంచు మా అమ్మ మగ్గం మీద దించితే
కోటకొమ్ము.
మూడుమూలల ముక్క మాత్రం
ఎవరు ఏ పేరుతో పిలిచినా పలికింది.

అట్టకు ఆ కాగితం, దాని నడిమధ్య తెల్లకాగితం.
పెన్సిలుతో పిల్ల ఒక మాట రాసింది.
అమ్మ అని.
నాకు కనబడింది
ఒక ముడి, ఒక గుంజ, ఒక ముడి, ఒక గుంజ.

స్నానాల టవలు నాలుగు మడతలు పరిచి
అట్ట కింద ఇంకో అట్ట పెట్టి
సూదితో పొడిచినాం, బాస్మతి గింజంత ఎడం.
దగ్గరైతే చిరుగుతుంది.
దూరమైతే మాట కాదు, చుక్కలు.
ఆ కొలత స్కేలు బద్దకు తెలియదు.

మేడమ్ పెట్టెలో రంగుదారాలు చానా ఉండాయి.
నేను నా పాత చీర కొంగు విప్పినాను.
జరీపోగు అట్టలో గీసుకొని చీలుతుంది,
మూరెడు మూరెడుగా కొవ్వొత్తికి రాసుకోవాల.

మొదలుపెట్టినాను, ఎడమ నుంచి.
లా, లా, ఓబూ! చెయ్యి పట్టేసుకుంది.
మాట కుడిపక్క పుడతాది,
నువ్వు తోక నుంచి వస్తాండావు.
సూదికి తల ఏంది, తోక ఏంది,
బొక్క ఉంటే పోతాది,
అన్నాను తెలుగులోనే.
ఆ పిల్ల కుడి నుంచి, నేను ఎడమ నుంచి.
నడుమ గుంజ కాడ కలుసుకొని
ఇద్దరం ఒకటే ముడి వేసినాం.

తిప్పి చూసినా.
వెనకపక్క మాట తిరగబడి ఉంది,
ఎడమ నుంచి కుడికి నడుస్తా
మా అక్షరాల మాదిరి.
ముడులతో, మిగులు పోగులతో,
మొదటిసారి నాకు చదవొచ్చింది.

వెనక కనబడగూడదని టీచరమ్మ మాట.
దానా పచ్చకాగితం అంటించి మూసేసింది,
జిగురు అక్కరకు మించి పూసి.

పండగ పొద్దున మేడమ్
కూతుర్ని ముద్దాడింది, ఫోటో తీసింది,
ఎవరితోనో ఫోనులో మాట్లాడతా
కార్డు వెనకపక్క బొటనవేలితో రుద్దతా ఉంది.
ఇక్కడేదో రాయి మాదిరి తగులుతాందే, అంది.
దానా నా తట్టు చూసింది.
కొక్కొరొకో, అన్నాను మెల్లిగా.

అడుగున పెట్టిన అట్ట నాకాడే ఉంది.
దారం లేదు, గుర్రప్పళ్ళూ లేవు, వట్టి బొక్కలు.
దుమ్ముగాలి లేని పొద్దున
వంటింటి కిటికీకి ఆనిస్తే
పిండి కలిపే పళ్ళెంలో వెలుతురు చుక్కలు పడతాయి.
ముడి, గుంజ, ముడి, గుంజ.
ఏ పక్క ముందో
తిప్పి తిప్పి పెడతా ఉంటాను,
పిండి ఎండిపోయేదాకా.