ఎడమ వెనక కాలు

రెండు పాయింటు మూడు మిల్లీమీటర్లు.
రాసి, కొట్టేసి, మళ్లీ కొలుస్తుంది రిమ్‌గైలె.
పాలంగాలో మంచు పడుతోంది.
గదిలో హీటరుకి దగ్గు.

కటకం కింద తేనెరంగు చీకటి.
అందులో ఒక పెంకుపురుగు
ఎటో బయల్దేరి ఎత్తిన అడుగు
ఇంకా దించనేలేదు.

మీసానికి పదకొండు కణుపులు,
చివరి మూడూ గదలా ఉబ్బి.
రెక్కపెంకుల మీద చుక్కలు
ఎవరో సూదితో కుట్టబోయి మానేసినట్టు.
ఆడో మగో తెలియదు,
పొట్ట కింద పాలమీగడ లాంటి పొర,
ఆ ఒక్కటీ దాచుకుంది.

ఎడమ వెనక కాలు:
నాలుగు కోట్ల ఏళ్లు ఉంది.
మొన్న అక్టోబరులో ఓ మంగళవారం
సానచక్రం మీద పోయింది.

తుఫాను మర్నాడు నడుంలోతు నీళ్లలో
నాచుతో పాటు వలకెత్తినవాడు జిగింతాస్.
చొక్కా చేతికి రుద్ది, దారప్పోగు ఎగిరి అంటుకోగానే
తృణమణే అని నవ్వి,
ఉంగరానికి సరిపోతుందని సానపట్టినవాడూ అతనే.
శుక్రవారం శుక్రవారం ఫోను:
"బిడ్డకి పేరు పెట్టారా?"
కాలి ఊసెత్తడు.

కాలు దగ్గరికొచ్చి ఆమె కలం ఆగుతుంది.
'సానలో పోయింది' అంటే నిజం.
'భద్రపడలేదు' అని రాస్తుంది.
అదీ నిజమే,
కాస్త మెత్తటిది.

ఫోను మోగింది. ఇవాళ శుక్రవారం కాదు.
"ఆ రోజు పొడి పారబొయ్యలేదమ్మా,
జాము సీసాలో ఉంది.
వాసన చూస్తే ఇంకా దేవదారు అడవే.
వెతుకుదామంటావా?"

పిడికెడు పసుప్పచ్చటి పొడి.
వెంట్రుకలో సగం కాలు.
దొరకదు.

"తీసుకురండి" అంటుంది,
కొత్త జల్లెడ కోసం సొరుగు లాగుతూ.