సగం కొత్త

మొదటి పన్నెండూ చచ్చిపోయాయి.
నేనే చంపాను, ప్రేమగా, స్ప్రే సీసాతో.
తాల్లిన్ సంతలో చలికాలపు బూట్ల జత ధర పెట్టి కొన్నవి,
నారింజ రంగు ఐసోపాడ్లు, ఒక్కోటీ కందిబద్దంత.
దాహమేమోనని పొద్దున,
దాహమేమోనని రాత్రి,
డ్యూటీ నుంచి వచ్చి గ్రీజు చేతులు కడగకముందే మళ్ళీ.
నాచు మురిగింది. బెరడు మీద బూజు
ముసలాడి గడ్డంలా దిగింది.

లిఫ్టులు బాగుచేసేవాణ్ణి నేను.
ఎన్నో అంతస్తులో ఇరుక్కుందో చెవితో పట్టేస్తాను.
ఈ గాజుపెట్టెలో మటుకు
ఏమీ వినపడలేదు.

లోరే చూసేది, గుమ్మం దాటకుండా.
వాళ్ళమ్మతో ఈ ఇంటికొచ్చి పదకొండు నెలలు.
నన్ను "మీరు" అనేది,
పోస్టాఫీసు కిటికీలో గుమాస్తాని అన్నట్టు.
ఉప్పు అందించండి. తలుపు వేయండి.
గౌరవం కాదది, గడియ.

మార్చిలో, తార్తు వీధుల్లో మంచు ఇంకా
మసిపట్టి కుప్పలుగా ఉన్నప్పుడు,
బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగిన పిల్ల
ఖాళీ ఆవముద్ద సీసాతో పైకొచ్చింది.
లోపల పంతొమ్మిది. బూడిదరంగువి. మా గోడలవే.
"ఇవి ఊరికే వచ్చాయి," అంది.

మళ్ళీ మొదలు.
అడుగున గులకరాళ్ళు, బొగ్గు ముక్కలు, మట్టి,
ఉడకబెట్టి ఆరబెట్టిన ఓక్ ఆకులు, కోడిగుడ్డు పెంకుల పొడి.
ఒక మూల తడి, ఒక మూల పొడి.
ఎటు కావాలో అవే నడుచుకుంటాయట,
మనం తోయక్కర్లేదట.

ఏప్రిల్లో ఒక రాత్రి టార్చి వేసి చూపించింది:
ఒకటి వెనక సగం కుబుసం విడిచింది.
వెనకంతా పాలమీగడ, ముందంతా పాత బూడిద,
ఎవరివో రెండు చొక్కాలు కలిపి కుట్టినట్టు.
మిగతా సగానికి ఇంకో రెండ్రోజులు పడుతుందట.
అంతా ఒక్కసారే విప్పితే కదల్లేదట.
విడిచింది పారేయదు, తినేస్తుంది.
లోరే ఊపిరి గాజు మీద ఆవిరి పట్టింది.
నా ఊపిరి నేను బిగబట్టుకున్నాను.

ఇప్పుడెన్నో లెక్క తెలీదు.
తల్లి పొట్టకింది సంచిలోంచి
తెల్లటి నలుసులు నడిచి బయటికొస్తున్నాయి.
ఇరవై దాకా లెక్కపెట్టి ఊరుకున్నాం.

నిన్న షిఫ్టు దిగి వచ్చేసరికి
పెట్టె మూత మీద టేపు ముక్క, దాని మీద పెన్సిలు రాత:
"ఇవాళ నీళ్ళు చల్లకు."

చల్లకండి కాదు.

ఒక బూటు విప్పి, ఒకటి విప్పకుండా
అక్కడే నించుండిపోయాను.