చెమ్మ

సూళ్లూరుపేట దాటినాక, గాలికి ఉప్పు తగిలే మలుపులో
మా గుడి.
బయట్నించి చూస్తే గోదాముకి గంట కట్టినట్టుంటాది.
లోపలికి రండి. తలెత్తండి.

దూలం లేదు, వాసం లేదు.
ఇటిక ఇటికకి భుజమిచ్చి
ఆ గోడ మీద లేచి ఈ గోడ మీద దిగింది కప్పు.
ఏటా క్రిస్మస్‌కి ముందు
వెదురు పరంజా ఎక్కి దానికి సున్నం కొట్టేది నేనే.
కెజియా అంటారు నన్ను.
ముప్పైయొక్క సున్నాలు కొట్టినా ఇప్పటికి.

కట్టించిన పాదిరి దొరది జర్మనీ అంట.
ఆయన ఊళ్లో కొండ వాలంతా ద్రాక్ష,
కొండ కింద గుడి,
గుడి కింద ద్రాక్షరసం పీపాలు నిద్రపోయే నేలమాళిగ.
పైదానికీ కిందదానికీ ఒకటే వంపంట.
పోస్టుకార్డు బొమ్మ ఇప్పటికీ అయ్యగారి గదిలో ఉండాది.
చెదలు కొండంతా తినేసి
గుడిని వదిలిపెట్టినాయి.
మాకు ద్రాక్ష యాడిది?
సంస్కారానికి ఎండుద్రాక్ష నానేసి పిండేది కూడా నేనే.

ఇసకలో పుల్లతో దొర ఆ వంపు గీసి చూపిస్తే
చెంగయ్య మేస్త్రి తల గోక్కున్నాడు.
"బావి వరలు తెలుసు, పొయ్యి గూడు తెలుసు,
గాల్లో నిలబడే ఇటిక నాకు తెలీదు దొరా."
దొరకి వచ్చిన తెలుగు అంతదూరం పోలేదు.
ఇద్దరూ గీతకి చెరోపక్క కూచుని
పొద్దు గుంకించినారు.

అప్పుడు, కాలవ మీద
పులికాటు గుల్లసున్నం దించను వచ్చిన
పామంజి ఆరుముగం
తడిసిన పంచె పిండుకుంటా గీతని చూసి
"ఇది మా పడవ గదా, బోర్లా పడుకోనుండేది" అన్నాడంట.

అనకుండా ఉండాల్సింది.

పదహారుమంది మోసుకొచ్చినారు పడవని.
గుంజల మీద బోర్లించి, వీపుకి ఆముదం పట్టించి
దాని మీద ఇటిక పేర్చినారు.
ఒక బార కట్టేది, ఆరేదాకా కాసేది,
పడవని కిందికి దించి ముందుకి జరిపేది,
మళ్లీ ఒక బార.
మా అవ్వ అప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల.
గారలోకి కరక్కాయ నీళ్లు మోసింది.
రోజుకి కాణీ.

చివరి బార ఆరేసరికి
నాలుగు గోడలూ లేచిపోయుండాయి.
వాకిలి చూస్తే పడవకంటే సన్నం.
గొడ్డళ్లు తెచ్చినారు.
ఆరుముగం ఆ రోజంతా కాలవ గట్టు మీదే ఉన్నాడని
మా అవ్వ చెప్పేది.

దొర పద్నాలుగు రూపాయలిచ్చినాడు.
సిగ్గుపడి, పెట్టె అడుగున దాచుకున్న
వాళ్ల ఊరి సీసా కూడా ఇచ్చినాడు.
ఆరుముగం ఒక్క గుక్క తాగి
"పులుపు. మా తాటికల్లే మేలు" అని
మిగిలింది చెంగయ్యకి పోసినాడు.
ఆ మనిషి ఎవరెవరి పడవల్లోనో కూలికి పోయినాడు.
గుడిలోకి రాలేదు.
ఆయన మొక్కు చెంగాళమ్మకి.

ఇదంతా అవ్వ అల్లిన కతే అనుకున్నా నేను,
మొన్నటిదాకా.

ఈ ఏడు సంఘపెద్దలు డిస్టెంపర్ అన్నారు.
సున్నం పెచ్చులు పాటల పుస్తకాల మీద రాలతా ఉండాయంట.
గీకమన్నారు. గీకినా.
నావి ముప్పైయొకటీ రాలినాయి,
మా అమ్మవి రాలినాయి,
నీలిమందు ఎక్కువైన ఏదో ఒక ఏడు రాలింది.
అన్నిటికింద
చెక్క.

చెక్క కాదు, చెక్క అచ్చు.
పలకకి పలక అతికిన గీతలు,
ఒక కణుపు, చుట్టూ సుడి,
వరసగా మేకు తలల గుంటలు,
గారలో ఇరుక్కోని కొబ్బరిపీచు నలక ఒకటి.
పరంజా మీద వెల్లకిలా పడుకోని చూసినా.
పడవ కింద చేప చూసినట్టు చూసినా.

మిగతా కప్పంతా ఇప్పుడు మీగడ రంగు.
ఆ బారెడు మేర మాత్రం వేయలేదు.
పెద్దలు అడిగినారు.
"ఆడ చెమ్మ ఉండాదయ్యా,
ఇంకా ఆరలేదు,
రంగు పట్టదు" అని చెప్పినా.