కింది దారి

ప్షవేలీలో, కొండ ఎక్కకముందే,
బెజాన్ నా సంచీ వైపు గడ్డం చూపించి అడిగాడు:
"పంది మాంసం ఉందా?"
ఉంది. ఒక చిన్న డబ్బా, దారిలో ఆకలికని.
దాన్ని చాయ్ కొట్టు ఆమెకి అప్పగించి
చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.
"పైన మా దేవుళ్ళకి పడదు. వచ్చేటప్పుడు తీసుకో."

ఆ తర్వాత అబానో కనుమ.
మలుపు మలుపుకీ ఒక రాతిపలక,
పలకలో ఒక మొహం, ముందు ఒక గాజుగ్లాసు.
ఒకచోట బండి ఆపి, సీసా వంచి
మట్టికి నాలుగు చుక్కలు పోసి
తను వాసన మాత్రం చూసి మూత పెట్టాడు.
"మేనమామ. బ్రేకుల్ని మరీ నమ్మేవాడు."
కింద లోయలో మబ్బు
పాలు పొంగినట్టు అంచుదాకా వచ్చి ఆగింది.
నేనిక కిటికీ వైపు చూడలేదు.

ఊరి పేరు ఇక్కడ రాయను.
దాన్నిండా హల్లులే, ఒకదాని భుజమ్మీద ఇంకొకటి,
సున్నం లేకుండా పలకరాళ్ళు పేర్చిన వాళ్ళ బురుజుల్లాగా.
అచ్చు కోసం తడుముకుంటూ నా నాలుక జారిపడేది.
మక్వాలా పూటకోసారి నాచేత అనిపించేది,
నవ్వడానికే.

ఊరి మొదట్లో బోర్డు: రక్షిత ప్రాంతం.
నిప్పు రాజేయకు, పువ్వు తెంపకు, మంద కుక్కల జోలికి పోకు.
ఆ బోర్డు మీదే ఆమె తడి ఉన్ని ఆరేసింది.
"కాపలావాడు మా అక్క కొడుకే" అంది,
అనుమతి పత్రం చూపిస్తున్నట్టు.

రెండో రోజు దారి చీలింది.
పై దారి కొమ్ములు పేర్చిన రాళ్ళగుడి మీదుగా,
వెనకాల మంచు.
ఫోటోల్లో చూసి నేను బయల్దేరింది దానికోసమే.
"ఆడవాళ్ళం అటు పోం" అంది,
పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా.

నాకు కోపం వచ్చింది.
టికెట్టు నాది, కాళ్ళు నావి.
ఆమెకి రాలేదు.
లేక, ఎప్పుడో వచ్చే ఉంటుంది;
ఏ గుంజకో కట్టేసి
రోజూ ఇంత తిండి పెడుతూ ఉంటుంది.
అడగలేదు.
ఆమెది బడినాటి రష్యన్, నాది ఫోన్లో అనువాదం,
అంత ప్రశ్నని మోసే వంతెన కాదది.

కింది దారి ఏటి పక్కనే.
మోకాళ్ళ దాకా వాము వాసన.
బురదలో ఎలుగు అడుగు, ఇంకా నీళ్ళు నిండలేదు.
ఆమె వంగి, తన అరచెయ్యి పక్కన ఆనించి చూసి
"ఆడది" అంది. లేచి నడిచింది.
ఎదురు చరియ మీద ఒక రాయి కదిలింది.
రాయి కాదు, కొండమేక. వెనకే పిల్ల.
ఫోన్ తీసేసరికి మళ్ళీ రాయి.

రాలిన బర్చ్ కొమ్మలు ఏరి నాకూ ఒక మోపు కట్టింది.
నిలబడ్డ చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదట.
"బోర్డు రాకముందు మా అత్త ఉండేది.
బోర్డు అరవదు, అంతే తేడా."
డబ్బు కట్టిన అతిథిని,
కట్టెల మోపుతో ఊళ్ళోకొచ్చాను.
గోడ మీది ముసలాళ్ళు మొదటిసారి నాకు తలూపారు.

రాత్రి అక్క కొడుకు తొర్ఘ్వా కాగితాలతో వచ్చాడు.
"ఈ ఇంట్లో శాశ్వత నివాసులు ఎందరు?"
"మనిషి లెక్కా, పొయ్యి లెక్కా?" అంది మక్వాలా.
అక్టోబరులో అందరూ గొర్రెల వెంట మైదానానికి దిగిపోతారు.
పొయ్యి దిగదు.
తొర్ఘ్వా ఆ గడి ఖాళీగా వదిలేసి
తోలుసంచీలో ఊరిన చీజ్ ఇంకో ముక్క కోసుకున్నాడు.

వచ్చేటప్పుడు అదే చీజ్ గుడ్డలో కట్టిచ్చింది.
గొర్రె కంపుకి తట్టుకోలేక, అంత చలిలో
బెజాన్ అద్దాలన్నీ దించాడు.
మేనమామ దగ్గర సీసా నా చేతికిచ్చాడు.
నాలుగు చుక్కలు పోశాను. ఐదోది నా చేతి మీద పడింది.

ప్షవేలీలో చాయ్ కొట్టు ఆమె
దుమ్ము తుడిచి నా డబ్బా తెచ్చిచ్చింది.
ఆకలిగానే ఉంది.
మూత రింగులో వేలు దూర్చి వెనక్కి చూశాను.
మబ్బు కమ్మేసి అక్కడ కొండే లేదు.
"ఇక్కడ తినొచ్చు" అన్నాడు బెజాన్.
ఇంకో రెండు మలుపులు పోనీ, అన్నాను.