పేరు కుట్టే పని

డునెడిన్‌లో వాన తెరిపిచ్చిన పూట
రేవు వీధంతా తడిసిన గొర్రె వాసన.
గనుల్లో బంగారం అడుగంటాక
పారలు పట్టిన చేతులే
కొట్ల ముందు రేకుల పంచలు దించుతున్నాయి.

రెనిక్ గారి బట్టలకొట్టు అద్దం మాత్రం
ఊక నింపిన పెట్టెలో పడుకుని ఓడ మీద వచ్చింది.
దాని వెనక తలల్లేని బొమ్మలు మూడు.
మా అమ్మ వాటిని రోజూ పలకరించేది,
వేళాకోళానికే,
అయినా గొంతు కాస్త తగ్గించి.

నేను ఎఫీని. గిల్లాండర్స్ వాళ్ళ రెండోదాన్ని.
కొట్టు వెనక, మెట్ల కింద, గ్యాసు దీపం పక్కన
నా పని పేర్లు కుట్టడం.
డజనుకి పెన్నీ.

ఇక్కడి ఉన్నికి ఒకటే దారి తెలుసు మొన్నటిదాకా:
గొర్రె మీంచి గోనెలోకి, గోనెతో ఓడలోకి.
మూడు నెలల ఉప్పుగాలి తిని
ఎక్కడో పొగచూరిన ఊళ్ళో దువ్వించుకుని, రంగేయించుకుని,
మళ్ళీ మూడు నెలలకి
పుట్టిన కొండ కిందికే కోటై దిగేది,
రానూపోనూ కిరాయి మన వీపున మోపి.

ఆ ఏడు పిండిమర మెక్‌ఫాటర్
వాగు మీద మగ్గాలు పెడతానన్నాడు.
బ్యాంకులో నవ్వారు. చర్చిలో దగ్గారు.
బాయిలరు వచ్చిన రోజు పదహారు ఎడ్లు బురదలో కూరుకుపోతే
నవ్వినవాళ్ళే చొక్కాలు విప్పి తాళ్ళు పట్టారు.
మా తమ్ముడు రంగు తొట్ల దగ్గర చేరాడు.
వారానికే వాడి గోళ్ళు నేరేడుపళ్ళు.

మొదటి తాను రెనిక్ బల్ల మీద పరిచారు.
వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.
చెవి దగ్గర పెట్టుకుని చర్రున లాగాడు.
“బాగుంది,” అన్నాడు, ఎవరో పోయినట్టు.
“బాగుంటే మటుకు? కొనేదెవడు?”

దూరపు కొండలే కాదు,
దూరపు కంబళ్ళూ నునుపే.

అందుకని ఒక చిన్న పెట్టె తెప్పించాడు.
అంగుళం పట్టు ముక్కలు, జరీ అక్షరాలు: గ్లాస్గో.
కోటు మొత్తం ఈ వాగులో పుట్టింది.
ఆ అంగుళమే ఓడ దిగింది.

మంగళవారం జడ్జిగారొచ్చి తొడుక్కున్నారు.
మెడ వెనక పేరు తడిమి చూసుకుని
“ఈ నేత మన నీళ్ళకి రాదయ్యా,” అన్నారు.
తానులు మోసుకొచ్చిన మా తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు.
జడ్జిగారు వాడి గోళ్ళు చూసి
“కుర్రాడికి ఏదో జబ్బు చేసింది, డాక్టరుకి చూపించండి”
అని ఒక షిల్లింగు ఇచ్చారు.
పుచ్చుకున్నాం.

శనివారం హినెకురా వస్తుంది, అగాతం అవతల్నించి పడవలో,
నారబుట్టలూ ఎండుచేపలూ పట్టుకుని.
వాన జోరైతే నా మెట్ల కిందికి దూరుతుంది.
తను కప్పుకున్నది తను అల్లిందే,
దాని మీద ఎవరి పేరూ లేదు.
నా ఒళ్ళో పట్టు ముక్క ఎత్తి అడిగింది:
“ఏమిటిది?”
“ఊరి పేరు.”
“నీ ఊరా?”
కాదు. నేను పుట్టింది ఓడలో.
“మరి నేసినవాళ్ళ ఊరా?”
దారం పళ్ళతో తెంపుతున్నట్టు నటించాను.

ఆమె కోప్పడలేదు. బయట వీధిని చూస్తూ
“ఓటెపోటి,” అంది,
చీకట్లో బిడ్డని పిలిచినట్టు.
“ఈ రేవు పేరు. అడుగున ఇంకా అదే ఉంది.
మీవాళ్ళు పైన ఒకటి కుట్టుకున్నారు, అంతే.
కుట్టు గట్టిదే.”
చేపలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ
నాలుగో మూల ముడి వెయ్యడం లేదు నేను.
ఎవరికీ కనపడదు.
ఏదో ఒక వానకి, ఏదో ఒక భుజం విదిలింపుకి
అక్షరం కొస లేస్తుంది, కింద ఉన్ని కనిపిస్తుంది.
ఫిర్యాదొస్తే డజనుకి అర పెన్నీ కోత.

అమ్మకి బొగ్గు కావాలి.
ఇంకా ఇరవయ్యారు కోట్లున్నాయి.
దీపం తగ్గించమని
పైనుంచి బూటుతో తన్నుతున్నారు.